రెండంగుళాల కోత

వెర్లిన్ హాస్టన్ దక్షిణ ఇండియానా పల్లెదారుల్లో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచాడు. అందులో చివరి పదిహేనేళ్లు ఎవరూ అడక్కుండానే ఇంకో పని కూడా నెత్తినేసుకున్నాడు. ఆ ప్రాంతపు హైస్కూళ్లలో బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లల్లో ఎవరు ఎవరికంటే మేలో చూసి, ఒకటి నుంచి వంద దాకా వరసపెట్టి జాబితా వేయడం. ఉత్తరాల ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ ఈ రెండోదాన్నుంచి కాలేదు.

మనిషి చూస్తే ఐదడుగుల ఆరంగుళాలు. చదువుకునే రోజుల్లో జట్టులో ఉన్నాడు గానీ బెంచీ మీంచి లేచింది తక్కువ. "ఆడలేనివాడు ఆడేవాళ్లకి మార్కులేస్తున్నాడు" అని భార్య జోయెట్టా నలుగురిలోనూ అనేది. అతను నవ్వేసేవాడు. నిజానికి ఆ పని మొదలుపెట్టింది ఒక కోపంతో. పేపర్లో ఎప్పుడు చూసినా పట్నం స్కూళ్ల పిల్లల పేర్లే వచ్చేవి, వాళ్ల కోచ్‌లకు నోరు ఎక్కువ కాబట్టి. నలభై మంది చదివే పల్లె బళ్లో ఎంత బాగా ఆడినా పట్టించుకునే దిక్కు లేదు. వెర్లిన్ మొదటి ఏడు వేసిన జాబితాలో అలాంటి బడి నుంచి ఒక పిల్లను ఏకంగా నాలుగో స్థానంలో కూర్చోబెట్టాడు. ఆ పిల్లకు కాలేజీ నుంచి పిలుపొచ్చింది, చదువు ఉచితం, తిండీ బసా ఉచితం. ఆమె ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపుతుంది. ఆ కార్డులన్నీ అతను వంటింటి సొరుగులో దాచుకున్నాడు.

జాబితా ఏటా ఆగస్టు మొదటి వారంలో ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. నాలుగు రాష్ట్రాల చిన్నా పెద్దా కాలేజీలు దాన్ని తెప్పించుకునేవి. ఏ కోచ్‌నైనా అడిగి చూడండి, మేం జాబితాలు చూడం, ఆటే చూస్తాం అని గుండె మీద చెయ్యేసుకుని చెబుతారు. అయితే ఆట చూడ్డానికి ఏ ఊరికి బయల్దేరాలో ఆ ఆకుపచ్చ కాగితం చూసే తేల్చుకునేవాళ్లు. మొదటి నలభై మంది ఇళ్ల ముందు తపాలా డబ్బాల్లో సెప్టెంబరు నుంచి కాలేజీల కవర్లు నిండేవి. నలభై దాటినవాళ్ల డబ్బాల్లో కరెంటు బిల్లూ, విత్తనాల కంపెనీ పుస్తకమూ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వెర్లిన్ ఈ వింత కళ్లారా చూశాడు. జాబితా వేసేదీ తనే, దాని ఫలం ఇంటింటికీ మోసేదీ తనే.

ఈ ఆటలో ఎత్తు దగ్గర నిజం చెప్పేవాడు లేడు. దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడని కోచ్ కూడా, పిల్ల ఎత్తు రాసేటప్పుడు రెండంగుళాలు కలిపేస్తాడు. బూట్లతో నిలబెట్టి కొలిచామంటారు, జుట్టు ముడి కూడా లెక్కలోదే అంటారు. ఐదడుగుల ఎనిమిది ఐదడుగుల పది అయిపోతుంది, ఐదడుగుల పది ఆరడుగులైపోతుంది. ఇందులో తప్పుందని ఎవరూ అనుకోరు, అందరూ చేసేదే కాబట్టి. వెర్లిన్ దీనికో విరుగుడు కనిపెట్టాడు. ఏ కోచ్ ఏ ఎత్తు రాసి పంపినా, కళ్లు మూసుకుని రెండంగుళాలు కొట్టేసేవాడు. ఈ సంగతి ఊళ్లూళ్లా పాకి, కోచ్‌లు దానికి వెర్లిన్ కోత అని పేరు కూడా పెట్టారు. ఎటూ కొట్టేస్తాడు గదా అని రెండు కలపడం మరింత ధైర్యంగా చేసేవాళ్లు. లెక్క సరిపోయేది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

జాబితా అడుగున ఏటా మూడు వాక్యాలు అచ్చువేసేవాడు. "ఇందులో ఎత్తులు కోచ్‌లవి కావు, నావి. ఒకసారి బయటికొచ్చాక ఈ జాబితా మారదు. మార్చమని అడిగేవాడికి ఇందులో తన మనిషి ఎవరో ఉన్నట్టు." ఆ వాక్యాలంటే అతనికి జాబితా కంటే ఎక్కువ గర్వం.

క్లేబార్న్ అనే చిన్న ఊళ్లో ఆడపిల్లల జట్టుకు కోచ్ దొరక్క, బడిలో వడ్రంగం పాఠాలు చెప్పే వెండెల్ ఓర్‌కు ఆ పని అంటగట్టారు. మంచివాడు, మితభాషి, ఆట గురించి లైబ్రరీ పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాడు. జాబితావాళ్లకు పిల్లల వివరాలు రాసి పంపాలని ఎవరో చెబితే, అమ్మాయిల్ని ఒక్కొక్కరినీ వడ్రంగం గది గుమ్మానికి వీపు ఆనించి, బూట్లూ మేజోళ్లూ విప్పించి, నెత్తి మీద మూలమట్టం పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి కొలిచాడు. ట్రెస్సా కెస్లర్, సరిగ్గా ఆరడుగులు. అదే రాసి వెర్లిన్‌కు పంపాడు. అది పంతొమ్మిది వందల తొంభై ఐదు చివర, ఆ పిల్లకింకా ఏడాదిన్నర చదువుంది.

ట్రెస్సాది వెర్లిన్‌కు తెలియని ఇల్లు కాదు. అతని దారిలో ఆఖరి డబ్బా వాళ్లదే. తల్లి అర్మా కుర్చీల ఫ్యాక్టరీలో మెత్తలు కుట్టేది, తండ్రి పోయి చాలా కాలమైంది. పొగాకు కొట్టం గోడకు కొట్టిన ఇనుప రింగులోకి ఆ పిల్ల రోజంతా బంతి వేస్తూ కనిపించేది. వెర్లిన్ బండి ఆపితే పరుగెత్తుకొచ్చి, ఉత్తరాలు తీసుకుని, అతని చేతికి బంతి ఇచ్చేది. అతనేసిన బంతి రింగుకు తగలను కూడా తగిలేది కాదు. "మీరు ఉత్తరాలే పంచండి వెర్లిన్ గారూ" అని పగలబడి నవ్వేది. అప్పటికి పన్నెండేళ్లు. ఆ తర్వాత అతను రిటైరయ్యాడు, ఆ దారి వైపు వెళ్లనే లేదు.

తెలిసిన పిల్ల గనకే అతనికి భయం పట్టుకుంది. తన దారిలో పిల్లను పైకెక్కించాడని ఎవరైనా అంటే ఇరవై ఏళ్ల పేరు మట్టిపాలు. అందుకని ట్రెస్సా విషయంలో మరీ బిగుసుకుపోయాడు. జనవరిలో ఒకసారి ఆట చూద్దామని క్లేబార్న్ వెళ్లాడు. విపరీతంగా మంచు పడి ఆట రద్దయింది. మళ్లీ వెళ్లాల్సింది, వెళ్లలేదు. మిగతా తొంభై తొమ్మిది మందిని చూశాడు, ఈ ఒక్కదాన్నీ కాగితం మీదే కొలిచాడు. ఆరడుగులని ఓర్ రాశాడు, ఐదడుగుల పది అని వెర్లిన్ అచ్చేశాడు. రింగు కింద నిలబడి ఆడే పిల్ల ఐదడుగుల పది అయితే ఏ కాలేజీకి కావాలి? అరవై మూడో స్థానంలో పడేశాడు. ఆ అంగుళాలు రెండూ ఉండి ఉంటే ఇరవై ఐదు లోపల ఉండాల్సింది.

ఆ సెప్టెంబరులో కెస్లర్ల డబ్బాలో ఏ కవరూ పడలేదు. నవంబరులో కాలేజీలు తమ జట్టులో చేరతామని పిల్లల చేత సంతకాలు పెట్టించుకునే వారం వచ్చింది, వెళ్లింది. ట్రెస్సాకు లెక్కల టీచరు కావాలని కోరిక. ఆట వల్ల చదువు దక్కితేనే ఆ కోరిక తీరేది, లేకపోతే తల్లి పక్కన కుట్టుమిషను. ఇది ఊరందరికీ తెలుసు, ఆ పిల్లకు అందరికంటే బాగా తెలుసు.

ఫిబ్రవరిలో వెర్లిన్ క్లేబార్న్‌కు వెళ్లింది ట్రెస్సా కోసం కాదు. తన జాబితాలో పంతొమ్మిదో పిల్ల ఆ రోజు అక్కడికి ఆడ్డానికొచ్చింది, ఆమెను చూడ్డానికి. ఊరి జనాభా కంటే ఆ జిమ్‌లో సీట్లెక్కువ. ఎప్పటిలాగే పై వరసలో మూల కూర్చుని, ఒళ్లో మరమరాల్లాంటి మక్కపేలాల సంచీ పెట్టుకున్నాడు. చప్పట్లు కొట్టకూడదన్నది అతని నియమం.

ఆట మొదట్లో రిఫరీ బంతిని పైకి విసరడానికి ఇద్దరు పిల్లల్నీ మధ్యలో ఎదురెదురుగా నిలబెట్టాడు. పంతొమ్మిదో పిల్ల అతని జాబితాలో ఆరడుగులు, అంటే కోతంతా అయ్యాక. ఐదడుగుల పది అని తను అచ్చేసిన ట్రెస్సా ఆమె ఎదురుగా నిలబడింది. ఇద్దరి కళ్లూ ఒకే మట్టాన ఉన్నాయి. వెర్లిన్ చేతిలో పేలాలు చేతిలోనే ఉండిపోయాయి. బూట్లేమో అనుకున్నాడు, ఇద్దరికీ బూట్లే. నేల ఎగుడుదిగుడేమో అని కూడా అనుకున్నాడు పాపం. ఆ సాయంత్రం ట్రెస్సా ముప్పై ఒక్క పాయింట్లు చేసింది, పంతొమ్మిదో పిల్లకు బంతి అందనివ్వలేదు.

జనం వెళ్లిపోయాక ఓర్ దగ్గరికి వెళ్లాడు.

"ఓర్ సారూ, ఆ కెస్లర్ పిల్ల ఎత్తు మీరెలా కొలిచారు?"

"బూట్లు విప్పించి. ఎత్తు కొలవడానికి ఇంకో పద్ధతుందా?"

"మరి రెండు కలపలేదా?"

"ఏం రెండు?" అన్నాడు ఓర్.

ఓర్ అతన్ని వడ్రంగం గదికి తీసుకెళ్లి గుమ్మం చూపించాడు. పెన్సిల్ గీతలూ, పక్కన పేర్లూ, తేదీలూ. ట్రెస్సాను పిలిపించి, ఆమె బూట్లు విప్పుతుంటే, వెర్లిన్ తన టేపు తనే తీసి కొలిచాడు. పాత గీత మీద వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఇరవై ఏళ్లలో అతనికి నిజం రాసి పంపిన కోచ్ ఒక్కడే ఒక్కడు, ఆ ఒక్కడి నిజంలోంచే రెండంగుళాలు కొట్టేశాడు.

"ఏమైంది వెర్లిన్ గారూ?" అంది ట్రెస్సా, మేజోళ్లు చేత్తో పట్టుకుని.

"ఏం లేదమ్మా. సరిచేస్తాను" అన్నాడు. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో తర్వాత చాలా రోజులు గుర్తు చేసుకున్నాడు.

మర్నాడే సరిదిద్దిన కాగితం అచ్చువేయించాడు. ట్రెస్సా కెస్లర్ ఆరడుగులు, అరవై మూడు కాదు ఇరవై రెండు, తప్పు నాది అని రాశాడు. కాలేజీలన్నిటికీ పంపాడు. తర్వాత వంటింట్లో ఫోను పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కరికే చేశాడు. ఒకాయన మా దగ్గర ఖాళీల్లేవన్నాడు. ఒకావిడ వచ్చే ఏడు చూద్దామంది, వచ్చే ఏటికి ఈ పిల్ల బళ్లోనే ఉండదన్నది ఆవిడకి పట్టలేదు. ఇంకొకాయన, నీ కాగితాలు మేమసలు చూడం వెర్లిన్ అన్నాడు. ఆ నవంబరులో ఆయన తీసుకున్న నలుగురూ ఆకుపచ్చ కాగితంలో వరసగా ఉన్న నలుగురే.

"ఏమయ్యా, బతిమాలడం కూడా మొదలెట్టావా?" అంది జోయెట్టా, టీ కప్పు పెడుతూ. ఎగతాళి చేద్దామని మొదలుపెట్టింది గానీ, అతని మొహం చూసి ఆపేసింది.

ఆఖరికి మార్చిలో ట్రెస్సా ఆట వీడియో టేపు పట్టుకుని, మూడు గంటలు కారు నడుపుకుంటూ ఉత్తరాన ఓ చిన్న కాలేజీకి వెళ్లాడు. అక్కడి కోచ్ మార్జరీ స్టికెల్ అతనికి పదిహేనేళ్లుగా తెలుసు. ఆవిడ టేపంతా చూసింది. బాగా ఆడుతోంది అంది. తనకు రింగు కింద ఆడే పిల్ల కావాలన్నది నిజమే గానీ, ఆ చోటు నవంబరులోనే ఇచ్చేసింది, అతని జాబితాలో ముప్పై నాలుగో పిల్లకు.

"ఈమె దానికంటే మేలు" అన్నాడు వెర్లిన్.

"అయ్యుండొచ్చు. కానీ నీదీ, ఇంకో ఇద్దరివీ కలిపి మూడు జాబితాలు చూశాను, మూడింట్లోనూ ఐదడుగుల పదే ఉంది. ముగ్గురూ తప్పుగానే చూశారంటావా?"

"ఆ ఇద్దరూ నా కాగితం చూసే రాసుకున్నారు మార్జరీ. కొలిచినవాడు లేడు. నేనూ కొలవలేదు."

ఆవిడ బల్ల సొరుగులోంచి ఆగస్టు కాగితం తీసి, అడుగున ఉన్న ఆ రెండో వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇరవై ఏళ్లలో నువ్వు ఒక్కసారీ మార్చలేదు. అందుకే నిన్ను నమ్ముతాం. ఇప్పుడు వచ్చి ఒక్క పిల్లను నలభై మెట్లు ఎక్కించమంటున్నావు. నిజం చెప్పు, ఆ పిల్ల నీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"ఏమీ కాదా?"

"నేను ఉత్తరాలు పంచిన దారిలో ఆఖరి ఇల్లు" అన్నాడు. అన్న మరుక్షణం అనకుండా ఉండాల్సిందనిపించింది. మార్జరీ తల ఊపి, కాగితం మడిచి, సొరుగులో పెట్టేసింది. ఆవిడ మొహంలో కోపం లేదు, పాపం పెద్దాయన అన్న జాలి ఉంది. కోపమైతే వాదించి ఉండేవాడు. ఆ జాలి ముందు చేతులెత్తేసి బయటికొచ్చాడు. ఇరవై ఏళ్లు ఒక్కో ఇటుకా పేర్చుకుని కట్టుకున్న మాట తన మీదే తలుపేసింది. ఇంకెక్కడికెళ్లినా అదే తలుపని అతనికప్పుడు తెలిసిపోయింది.

అయినా ఏప్రిల్ దాకా ప్రయత్నం మానలేదు. ఆరు కాలేజీలు తిరిగాడు, కాళ్లరిగేలా తిరిగాడు. ఒకచోట జట్టులో చేర్చుకుంటాం, చదువు ఖర్చు మాత్రం తనే పెట్టుకోవాలి అన్నారు. అది కూడా మోసుకెళ్లదగ్గ కబురేనా? అయినా మోసుకెళ్లాడు.

మధ్యాహ్నం వేళ కెస్లర్ల ఇంటికి వెళ్తే, అర్మా తలుపు తీసి లోపలికి రమ్మంది. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, తునికిపండ్ల పుడ్డింగ్ గిన్నెలో వేసి పెట్టింది. దారి పొడుగునా నేర్చుకొచ్చిన మాటలు ఒక్కటీ రాక, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కోచ్‌లు రెండు కలుపుతారని, తను రెండు కొట్టేస్తానని, ఓర్ కలపలేదని, తను అడగలేదని. చెప్పి తిట్ల కోసం ఎదురుచూశాడు. అర్మా తిట్టలేదు. ఆవిడ ఓర్ కాగితం వెళ్లాక ఒకసారీ, ఆకుపచ్చ కాగితం వచ్చాక ఇంకోసారీ ఇంట్లో కూతుర్ని కొలిచిందట. రెండుసార్లూ ఆరడుగులే వచ్చిందట.

"మరి ఫోను చేసి అడగలేదేమ్మా?" అన్నాడు వెర్లిన్.

"అడగొద్దని మీరే రాశారు కదండీ, అడుగున" అంది అర్మా.

ట్రెస్సా అప్పటిదాకా సింకుకు ఆనుకుని నిలబడి వింటోంది. ఆ పిల్ల అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"మీరు నా ఆట ఎప్పుడు చూశారు?"

"ఫిబ్రవరిలో."

"అరవై మూడు వేసేముందు?"

వెర్లిన్ గిన్నెలోకి చూశాడు. "ఆ రోజు మంచు పడిందమ్మా" అన్నాడు.

ఆ జవాబు ఎంత చచ్చుగా ఉందో చెప్పినవాడికీ తెలుసు, విన్నవాళ్లకీ తెలుసు. ట్రెస్సా సరేనంది. పిల్ల వెళ్లి పెరట్లో బంతి వేసుకోవడం మొదలుపెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి రింగులోంచి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఒక్కటీ తప్పడం లేదు. పుడ్డింగ్ తినలేక అలాగే వదిలేసి లేచాడు. వెళ్తూ వెళ్తూ అలవాటు కొద్దీ డబ్బా మూత తీసి చూశాడు. ఖాళీగా ఉంది.

మే నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం క్లేబార్న్ బళ్లో పట్టాల పండగ, జిమ్‌లోనే. ఊళ్లో పెళ్లయినా చావైనా అంతమంది పట్టేది అక్కడే మరి. జోయెట్టా రానంది. నువ్వూ వెళ్లకు, వెళ్లి ఏం చేస్తావు అంది. వెర్లిన్‌కూ తెలీదు ఏం చేస్తాడో. వెళ్లి ఎప్పుడూ కూర్చునే పై వరస మూలలోనే కూర్చున్నాడు. పక్కనే ఎవరి అమ్మమ్మో, విసనకర్రలా కార్యక్రమం కాగితం ఊపుకుంటోంది. ఆవిడ మనవరాలూ ఇవాళే పట్టా తీసుకుంటోందట.

పట్టా పిల్లలు వేసుకునే నీలం గౌన్లు ఎత్తును బట్టి పట్నం నుంచి తెప్పిస్తారు. కొలతలు రాసివ్వాల్సిన రోజున ట్రెస్సా బడికి రాలేదు. ఆ రోజు కుర్చీల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి పేరు రాయించుకోవడానికి వెళ్లింది. ఆఫీసులో గుమాస్తా మంచి ఆవిడే, పిల్లకు గౌను తప్పిపోకూడదని తనే పూనుకుని కాగితం నింపింది. ఎత్తెంతో గుర్తుకురాక, నోటీసు బోర్డు మీద ఆ జాబితా గురించిన పేపరు కత్తిరింపులో ఐదడుగుల పది అని చూసి అదే రాసేసింది. ఈ సంగతంతా మెట్లెక్కి వస్తుంటే ఓర్ వెర్లిన్‌కు చెప్పాడు. చెప్పాలని కాదు, దాచడం అతనికి చేతకాదు.

ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నారు. కెస్లర్ అనగానే ట్రెస్సా లేచి నడిచింది. అందరి గౌన్లూ బూట్ల మీదికి దిగుతున్నాయి, ఆమెది చీలమండల పైనే ఆగిపోయింది. చేతులు కూడా మణికట్టు పైకి బయటికొచ్చాయి. ఆ పిల్ల గౌను కిందికి లాక్కోలేదు, వంగనూ లేదు. మంచి ఎత్తు మనిషి, నిటారుగా నడిచి వెళ్లి పట్టా తీసుకుంది. ముందు వరసల్లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు నవ్వారు. అర్మా మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టింది.

వెర్లిన్ తన నియమం మరచిపోయి చేతులెత్తాడు. కానీ ఆ చేతులతో చప్పట్లు ఎలా కొట్టాలో తెలియలేదు, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

పక్కనున్న అమ్మమ్మ నాలుక చప్పరించింది. "పాపం, ఆ పిల్లకి ఎవరిదో గౌను ఇచ్చేశారు చూడండి."

"ఎవరిదో కాదమ్మా, ఆ పిల్లదే" అన్నాడు వెర్లిన్. "కొలత నాది."